బావిలో ఆరిన లాంతరు

పాడుబడిన సేద్యం బావిలో పూడిక తీయాలంటే మా వైపు మనిషికంటే ముందు లాంతరు దిగేది. కోవెలకుంట్ల దగ్గర ఒక ఊళ్ళో, చిన్నప్పుడు గట్టు మీద కూచుని చూసిన దృశ్యం ఇది. మోకుకు కట్టిన లాంతరును ఒక పెద్దాయన చేతులు మార్చుకుంటూ నెమ్మదిగా వదిలాడు. మెట్లు దాటింది, రాతి కట్టడం దాటింది. నీళ్ళకు ఇంకా రెండు నిలువుల ఎత్తున ఉండగా వత్తి చిన్నదైంది, నీలంగా వణికింది, ఆరిపోయింది. గాలికి ఆరిందా అంటే గట్టు మీద వేపాకు కూడా కదలడం లేదు. కిరసనాయిలు అయిపోయిందా అంటే పైకి లాగి అగ్గిపుల్ల గీస్తే మళ్ళీ చక్కగా వెలిగింది. "లోపల చెడ్డగాలి ఉండాది, ఎవురూ దిగొద్దండబ్బా" అన్నాడాయన. ఆ పూటంతా ఆకులున్న వేపమండలను తాడుకు కట్టి బావిలో పైకీ కిందికీ ఆడించారు. పొద్దు వాలాక మళ్ళీ లాంతరు దించి చూశారు.

ఆ చెడ్డగాలిని పాత తెలుగు వాచకాల్లో బొగ్గుపులుసు వాయువు అన్నారు. ఇప్పటి పిల్లలు కార్బన్ డయాక్సైడ్ అంటారు. ఊరికి దూరంగా, పొయ్యీ పొగా లేని చోట, బావి అడుగుకు అది ఎక్కడిది?

నేల నుంచి వచ్చింది. చెట్ల వేళ్ళు ఊపిరి తీస్తాయి. ఆకునూ పేడనూ చచ్చిన వేరునూ తినే కోట్లాది సూక్ష్మజీవులూ తీస్తాయి. మన ఊపిరి ఆరుబయట కలిసిపోతుంది. వాటి ఊపిరి మట్టి రేణువుల సందుల్లోనే చిక్కుకుంటుంది. అందుకే నేల లోపలి గాలిలో ఈ వాయువు పైగాలిలో కంటే పదుల రెట్లు ఎక్కువ. పైగా మామూలు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువైనది. గాలి ఆడని పల్లంలోకి జారి, కుండలో నీళ్ళలా నిలుస్తుంది. బావి అంటే నేల కడుపులోకి తెరిచిన కిటికీ. ఆ లాంతరును ఆర్పింది నేల ఊపిరి.

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. లాంతరు వెలుగుతోంది కదా అని బావి భద్రమని నమ్మకూడదు. లోపల మండే వాయువు ఉంటే ఆ మంటే ముప్పు. మోటారు బాగుచేయడానికి ఒకరు దిగి పడిపోవడం, ఆయన్ని తీయడానికి మరొకరు దిగి పడిపోవడం ఎండాకాలం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. బ్లోయరుతో గాలి కొట్టకుండా, నడుముకు తాడు లేకుండా, పైన మనుషులు లేకుండా ఎవరూ దిగవద్దు.

ఇక అసలు సంగతి. ఈ నేల ఊపిరి బావిలోనే ఆగదు. వాన నీటితో కలిసి ప్రయాణం చేస్తుంది. వంకలోకి, ఏటిలోకి, చెరువులోకి చేరి అక్కడ బయటపడుతుంది. మనం నీళ్ళు పారుతున్నాయనే చూస్తాం. వాటి మీద నుంచి కంటికి కనబడకుండా కర్బనమూ పైకి పోతూ ఉంటుంది.

గోళీ సోడా లెక్క

ఎండలో బస్టాండు దగ్గర గోళీ సోడా కొట్టించుకున్నవాళ్ళకు ఈ శాస్త్రం సగం తెలిసినట్టే. సీసాలో వాయువును ఒత్తిడి పెట్టి నీళ్ళలోకి ఎక్కిస్తారు. గోళీ బిగుసుకుని ఉన్నంతసేపూ నీళ్ళు మామూలు నీళ్ళలాగే కనబడతాయి. గోళీ నొక్కగానే బుస్సుమని పొంగుతాయి. వాయువు ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడి నుంచి తక్కువ ఉన్న చోటికి పోతుంది. ఆ ఒక్క సూత్రం చాలు.

వాన నీరు నేలలో ఇంకేటప్పుడు ఇదే జరుగుతుంది. మట్టి సందుల్లోని చిక్కటి ఊపిరిలోంచి దిగుతూ ఆ నీరు సోడా అవుతుంది. ఏ వంక గట్టునో ఊటగా బయటికి వచ్చిందంటే సీసా మూత తీసినట్టే. రాళ్ళ మీద దూకుతూ పారే చోట వాయువు తొందరగా పోతుంది, సోడాను గిలకొట్టినట్టు. మడుగులో నిలిచిన చోట నిదానంగా పోతుంది. అందుకే చూడటానికి చిన్నవిగా ఉండే వంకలూ వాగులూ తమ వైశాల్యాన్ని మించి వాయువు వదులుతాయి.

చాలాకాలం శాస్త్రవేత్తలు నదిని గొట్టంలా భావించారు. నేల మీది కర్బనాన్ని మోసుకెళ్ళి సముద్రంలో పోసే గొట్టం. 1994లో అమెరికా శాస్త్రవేత్త జొనాథన్ కోల్, ఆయన సహచరులు ప్రపంచమంతటా 1,835 సరస్సుల లెక్కలు కూర్చి చూశారు. నమూనాల్లో 87 శాతం గాలికి సమతూకంగా ఉండాల్సిన దానికంటే ఎక్కువ బొగ్గుపులుసు వాయువుతో నిండి ఉన్నాయి. అంటే సరస్సులు కూడా ఊపిరి వదులుతున్నాయి. 2013లో మరో పెద్ద అంచనా వచ్చింది. ప్రపంచంలోని ఏరులూ నదులూ కలిసి ఏడాదికి 180 కోట్ల టన్నుల కర్బనాన్ని, సరస్సులూ జలాశయాలూ మరో 32 కోట్ల టన్నులను ఈ వాయువు రూపంలో గాలిలోకి వదులుతున్నాయని తేలింది. బొగ్గూ పెట్రోలూ కాల్చి మనం వదిలే కర్బనం ఏడాదికి దాదాపు వెయ్యి కోట్ల టన్నులు. దాని పక్కన పెట్టి చూస్తే నీళ్ళ ఊపిరి అయిదో వంతు.

తెలుగు నేల మీద దీన్ని కళ్ళకు కట్టినట్టు చూపినది గోదావరి. విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వి.వి.ఎస్.ఎస్. శర్మ, ఆయన బృందం గోదావరి సాగర సంగమం దగ్గర కొలతలు తీసి 2011లో ప్రచురించారు. వరద ఉధృతంగా ఉన్న రోజుల్లో ఆ నీటిలో బొగ్గుపులుసు వాయువు, గాలితో తూగడానికి ఉండాల్సిన దానికంటే డెబ్భై రెట్లకు మించి కనబడింది. ఎర్రనీళ్ళు వచ్చే నెలల్లో నది పెద్ద సోడా సీసా అన్నమాట.

బాక్స్: చేబదులు, లంకెబిందెలు

నీళ్ళు ఇంత వదులుతుంటే మన కార్లనూ కరెంటు కేంద్రాలనూ ఎందుకు తప్పుపట్టాలని ఎవరికైనా అనిపించవచ్చు. రెండు డబ్బులకూ తేడా ఉంది. పోయిన ఏడాది వేపచెట్టు గాలిలోంచి తీసుకున్న కర్బనం ఆకై రాలింది, వంకలో పడింది, కుళ్ళింది, మళ్ళీ గాలిలోకి వచ్చింది. అది చేబదులు. సోమవారం తీసుకుని శుక్రవారం ఇచ్చేసినట్టు. ఊళ్ళో తిరిగే డబ్బు పెరగలేదు, తరగలేదు. బొగ్గు సంగతి వేరు. కోట్ల ఏళ్ళ కింద పాతిపెట్టిన లంకెబిందెలను తవ్వి ఒక్కసారిగా సంతలో కుమ్మరించడం అది. సంతలో ధరలు తలకిందులవుతాయి. కాబట్టి ఏ చెరువో ఏ నదో కర్బనం వదులుతోందంటే మొదట అడగాల్సిన ప్రశ్న: అది చేబదులా, లంకెబిందా? చేబదులే మీథేన్‌గా మారి తిరిగొస్తే మరో చిక్కు. దాని సంగతి ముందుముందు చెబుతాను.

నిమ్మరసం, కడప బండ, బెలుం

బొగ్గుపులుసు అనే పేరులోనే పులుపు ఉంది. ఈ వాయువు కరిగిన నీరు పలుచని పులుసు. దాని బలం చూడాలంటే వంటింట్లో కడప బండ గట్టు మీద ఒక నిమ్మచెక్క పిండండి. దగ్గరగా వంగి చూస్తే సన్నటి నురగ కనబడుతుంది. తుడిచేశాక నల్లబండ మీద నున్నదనం పోయి తెల్లని మచ్చ మిగులుతుంది. ఎంత కడిగినా ఆ మచ్చ పోదు. ఎందుకంటే అది మరక కాదు, బండ అంత మేరకు కరిగిపోయింది. కడప బండ సున్నపురాయి. కోట్ల ఏళ్ళుగా తనలో బంధించుకున్న కర్బనాన్నే ఆ నురగగా వదిలింది.

నిమ్మరసం నిమిషంలో చేసినదాన్ని వాననీరు యుగాల పాటు చేసింది. ఫలితం కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. 1982, 83లలో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం లోపలికి వెళ్ళి వివరంగా కొలిచింది. పొడవు 3,229 మీటర్లు. అంత సొరంగాన్ని తొలిచిన ఉలి, నేల ఊపిరి కలిసిన నీరు.

ఆ గుహలోనే దీనికి ఎదురు పని కూడా చూడొచ్చు. పైకప్పు నుంచి ఒక చుక్క వేలాడుతూ ఉంటుంది. అది తనలో కరిగిన సున్నాన్ని మోస్తూ వచ్చింది. గుహ గాలి తగలగానే అందులోని వాయువు తప్పించుకుంటుంది. వాయువు పోతే పులుపు పోయింది, పులుపు పోతే సున్నం నీళ్ళలో నిలవలేదు. గోరంత పొర అక్కడే అంటుకుంటుంది. అలా చుక్క మీద చుక్క పడి రాతి ఊడలు దిగాయి. అంటే బెలుంలో వేలాడే ప్రతి ఊడా నీళ్ళు వదిలిన ఊపిరికి రాతిలో మిగిలిన లెక్క. మన ఇళ్ళలో నీళ్ళు కాచే కాగు అడుగున పెచ్చు కట్టే తెల్లటి సున్నమూ అదే. కాచినప్పుడు వాయువు వెళ్ళిపోతుంది, సున్నం దిగబడుతుంది.

రాయిని కరిగించేటప్పుడు నీరు ఎంత వాయువు ఖర్చుపెడుతుందో, సున్నం తిరిగి గడ్డకట్టేటప్పుడు అంతా వెనక్కి ఇచ్చేస్తుంది. ఈ ఖాతా దాదాపు సరిసమానం. అసలు ఎగుడుదిగుళ్ళన్నీ కుళ్ళే ఆకులోనూ బురదలోనూ ఉన్నాయి.

చలి వేసిన తాళం

కుళ్ళడం ఆగాలంటే ఏం చేయాలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదా ఎండబెట్టాలి. కూర ఫ్రిజ్‌లో నిలుస్తుంది. వడియం, వరుగు, ఒట్టిచేప ఎండలో నిలుస్తాయి. ప్రకృతి కూడా తన కర్బనాన్ని ఈ రెండు పద్ధతుల్లోనే దాచింది. ఉత్తరాన సైబీరియా, అలాస్కా, కెనడాల్లో మొదటి పద్ధతి. మన రాయలసీమలో రెండోది.

ఉత్తరాది నేల కింద ఏడాది పొడవునా కరగని గడ్డనేల ఉంది. వేల ఏళ్ళ నాటి గడ్డి, వేళ్ళు, జంతువుల అవశేషాలు అందులో కుళ్ళకుండా నిలిచాయి. అక్కడ దాగిన కర్బనం సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల టన్నులు, ఇవాళ గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ ప్రాంతం మిగతా ప్రపంచంకంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. కరెంటు పోయిన ఫ్రిజ్‌లో నిన్నటి కూర సంగతి ఏమవుతుందో అక్కడ అదే అవుతోంది.

ఫ్రిజ్‌లో గడ్డ కరిగితే అడుగున నీళ్ళు చేరతాయి కదా. అక్కడా గడ్డ కరిగిన చోట నేల కుంగి గుంట పడుతుంది, గుంటలో నీళ్ళు నిలుస్తాయి. ఆ నీళ్ళు కింది నేలను మరింత వెచ్చబరచి ఇంకా కరిగిస్తాయి. అలా పుట్టిన సరస్సుల అడుగున ప్రాణవాయువు లేని బురదలో మీథేన్ తయారై బుడగలుగా లేస్తుంది. చలికాలంలో పైన మంచు మూతపడి బుడగలన్నీ దాని కింద బిగిస్తుంది. కేటీ వాల్టర్ ఆంథోనీ అనే అలాస్కా శాస్త్రవేత్త ఆ మంచుకు రంధ్రం వేసి నిప్పు చూపిస్తే నిలువెత్తు మంట లేచే దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. సైబీరియా సరస్సుల మీద ఆమె బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో, కరుగుతున్న అంచుల నుంచి వచ్చే మీథేన్‌లోని కర్బనం వయసు దాదాపు 40 వేల ఏళ్ళని తేలింది. అంటే అది చేబదులు కాదు. లంకెబిందె మూత లేచింది.

ఎండ వేసిన తాళం

ఇప్పుడు పెన్నకు రండి. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, అనంతపురం మీదుగా కడప జిల్లాలోకి వచ్చి, గండికోట దగ్గర ఎర్రటి కొండను నిలువునా చీల్చుకుని, నెల్లూరు దాటి సముద్రంలో కలిసే నది. పొడవు 597 కిలోమీటర్లు. ఏప్రిల్‌లో జమ్మలమడుగు దగ్గర దాన్ని దాటాలంటే చెప్పులు చేతికి తీసుకోవాల్సింది నీళ్ళకు కాదు, చెప్పుల్లో దూరే ఇసుకకు. చెలమ తోడితే మాత్రం అడుగున చల్లటి నీరు ఊరుతుంది.

ఇది నది కాదేమో అని మనకే అనుమానం వస్తుంది. కానీ 2021లో వచ్చిన ఒక ప్రపంచవ్యాప్త అధ్యయనం ప్రకారం భూమ్మీద నదుల పొడవులో 51 నుంచి 60 శాతం దాకా ఏడాదిలో కనీసం ఒక రోజైనా పారవు. అంటే పెన్న లాంటివే ఎక్కువ. నీళ్ళ ఊపిరి శాస్త్రం ఏడాది పొడవునా పారే నదులున్న దేశాల్లో పుట్టింది కాబట్టి ఎండిన ఏరు చాలాకాలం వాళ్ళ లెక్కల్లోకి రాలేదు. నన్నడిగితే ఆ ఖాళీని పూరించాల్సింది రాయలసీమే. ఎండిన ఏటిని మనకంటే బాగా ఎరిగినవాళ్ళెవరు?

ఎండిన ఆ ఇసుకలో ఏముంది? గట్టు మీది సర్కారుతుమ్మ ఆకు రాలి గుంటల్లో పోగవుతుంది. మేతకు తోలిన గొర్రెలు పెంటికలు వదులుతాయి. పోయినసారి వరద తెచ్చిన ఒండ్రు పెచ్చులు లేచి, అంచులు పైకి వంగి, అప్పడాల్లా ఉంటాయి. ఒక పెచ్చును విరిస్తే లోపల సన్నటి వేళ్ళ పోగులు కనబడతాయి. ఇదంతా కర్బనమే. తేమ లేదు కాబట్టి సూక్ష్మజీవులు తినలేవు. తాళం పడింది. చలి తాళమంత గట్టిది కాదు. ఎండే ఆకులోని గట్టి పోగులను నెమ్మదిగా విరగ్గొట్టి, తరువాత వచ్చేవాళ్ళకు తినడానికి వీలుగా చేసిపెడుతుంది. అయినా తాళం తాళమే.

దాని చెవి తొలకరి వాన.

తొలి చినుకు పడినప్పుడు వచ్చే మట్టివాసన మనందరికీ ప్రాణం. జియోస్మిన్ అనే పదార్థం అది, నేలలోని స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. ఆ వాసనతో పాటే, వాసన లేని ఇంకొకటి కూడా నేల నుంచి లేస్తుంది. 1950లలో కెన్యాలో పనిచేసిన హెచ్.ఎఫ్. బర్చ్ అనే నేల శాస్త్రవేత్త దాన్ని పట్టుకున్నాడు. ఎండిన మట్టిని తడిపితే, ఎప్పుడూ తడిగా ఉన్న మట్టికంటే ఎన్నో రెట్లు జోరుగా అది బొగ్గుపులుసు వాయువు వదులుతుందని గమనించాడు. ఆ జోరు గంటల్లో మొదలై కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. మళ్ళీ ఎండబెట్టి మళ్ళీ తడిపితే మళ్ళీ అంతే.

ఎందుకిలా? మూడు నాలుగు పనులు ఒకేసారి జరుగుతాయి. మొదటిది, నీరు ఇసుక సందుల్లోకి దూరి అక్కడ చిక్కుకున్న గాలిని తోసేస్తుంది. తొలి నీళ్ళు ఇసుకను తాకేటప్పుడు వినిపించే సన్నటి బుసబుస అదే. రెండోది సూక్ష్మజీవుల కథ. కరువులో బతికి బట్టకట్టడానికి అవి ఒంట్లో చక్కెరల వంటి పదార్థాలను దట్టంగా నింపుకుని ఉన్న కాస్త తేమనూ పట్టి ఉంచుకుంటాయి. హఠాత్తుగా నీరు తగిలితే నానబెట్టిన ఎండుద్రాక్షలా ఉబ్బుతాయి. పగిలిపోకుండా ఉండాలంటే దాచుకున్నదంతా తొందరగా ఖర్చుపెట్టాలి, ఖర్చంటే ఊపిరే. తట్టుకోలేనివి పగులుతాయి, మిగిలినవాటికి అదే విందు. ఇక మట్టిగడ్డలు విచ్చుకుని లోపల ఇన్నాళ్ళూ అందని కర్బనం అందుబాటులోకి వస్తుంది. ఎండలో పెళుసైన ఆకు నిమిషాల్లో రసం వదులుతుంది, టీపొడి మీద వేడినీళ్ళు పోసినట్టు. కొత్తనీళ్ళు ఆ రంగులో ఉండటానికి మట్టి ఒక్కటే కారణం కాదు, ఈ ఆకు కషాయం కూడా అందులో ఉంది.

కొత్తనీళ్ళు మడుగులోకి చేరిన మర్నాడు చేపలు నోరు తెరుచుకుని పైకి తేలడం చూసే ఉంటారు. కషాయాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్ళలోని ప్రాణవాయువునంతా వాడేసుకున్నాయని దానర్థం. అవి అంత ప్రాణవాయువును తీసుకున్నాయంటే, దాదాపు అంత బొగ్గుపులుసు వాయువును వదిలాయన్నమాటే.

2018లో అనేక దేశాల పరిశోధకులు కలిసి 212 ఎండిన ఏటిపాయల్లోంచి ఆకుచెత్త సేకరించి, ప్రయోగశాలలో తడిపి చూశారు. శాశ్వతంగా పారే నదులూ ఏరులూ ఒక రోజులో వదిలే వాయువులో పదో వంతు దాకా ఈ ఒక్క తడి విసురు ఇవ్వగలదని లెక్కగట్టారు.

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, అదీ కొన్నే వానరోజుల్లో. వాన పడుతుంది, ఎండుతుంది, మళ్ళీ పడుతుంది. ఒక్క వానాకాలంలోనే తాళం ఎన్నోసార్లు తెరుచుకుని మూతపడుతుంది. భూమి వేడెక్కేకొద్దీ పొడి విరామాలు పొడవై, పడిన వాన ఒక్క దెబ్బకు పడటం ఎక్కువవుతోంది. ఎండ ఎక్కువసేపు ఉంటే ఏటిలో చెత్త ఎక్కువ పోగవుతుంది, వాన ఒక్కసారిగా పడితే అదంతా ఒక్కసారిగా నానుతుంది.

బురదలో గోబర్‌గ్యాస్

నిలిచిన నీళ్ళ కథ మరోలా నడుస్తుంది. బర్రె చెరువులో అడుగు వేస్తే దాని కాలి చుట్టూ బుడగలు గుత్తులుగా లేస్తాయి. 1776లో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా మజోరే సరస్సు ఒడ్డున కర్రతో బురద కెలికి, లేచిన బుడగలను సీసాలో పట్టి, వెలిగించి చూశాడు. నీలిమంటతో మండింది. అది మీథేన్. మన పెరటి గోబర్‌గ్యాస్ గుంతలో తయారయ్యేదీ అదే, పద్ధతీ అదే. గాలి చొరబడని చోట ప్రాణవాయువు లేకుండా బతికే సూక్ష్మజీవులు మిగిలిన కర్బనాన్ని తిని మీథేన్‌గా వదులుతాయి.

ఇక్కడే చిక్కు. వందేళ్ళ లెక్కన చూస్తే టన్నుకు టన్ను మీథేన్ బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. చేబదులుగా తీసుకున్న కర్బనాన్నే తిరిగి ఇస్తున్నా, మీథేన్‌గా ఇస్తే మధ్యలో వడ్డీ పడుతుంది. లోతైన నీళ్ళలో ఆ మీథేన్ పైకి వచ్చేలోపు దాన్ని తినేసే మరో రకం జీవులు ఉంటాయి. లోతు తక్కువైతే బుడగ వాటికి చిక్కకుండా తప్పించుకుంటుంది. పైగా వేడి పది డిగ్రీలు పెరిగితే మీథేన్ తయారీ రెండు నుంచి నాలుగు రెట్లు పెరుగుతుంది. లోతులేని చెరువు, మే నెల ఎండ, అడుగున మెత్తటి బురద: సీమ చెరువు చాలావరకు ఇదే.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువు పేరు అనంతరాజసాగరం. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని శాసనం చెబుతుంది. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను కూడా చెక్కించారు. వాటిలో ఒకటి, చెరువు నడుమ తాబేలు వీపులా మిట్ట ఉండటం. ఆరున్నర శతాబ్దాల కిందటి ఆ మేస్త్రీలకు మీథేన్ తెలియదు. మిట్ట ఉన్న చోట నీరు పలచబడి వృథాగా ఆరిపోతుందని తెలుసు. బుడగ తప్పించుకునేదీ అలాంటి పలచటి నీళ్ళలోంచే.

పట్టణాల మురుగు కలిసి గుర్రపుడెక్క కమ్మేసిన చెరువులో ఈ గోబర్‌గ్యాస్ గుంతకు మూడు పూటలా మేత వేసినట్టు అవుతుంది. డెక్క గాలిని నీళ్ళలోకి పోనివ్వదు, తాను చచ్చి అడుక్కు చేరి మేతవుతుంది. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో మనిషి చేతుల్లో పూర్తిగా ఉన్న తప్పు ఇదొక్కటే.

సంగమేశ్వరం చుట్టూ బురద

శ్రీశైలం జలాశయం నిండితే సంగమేశ్వరం గుడి మునుగుతుంది. ఎండాకాలం ముందు నీళ్ళు తగ్గుతుంటే మొదట శిఖరం, తరువాత గోడలు, చివరికి గర్భగుడి బయటపడతాయి. ఏడు నదులు కలిసే చోటని పేరు. అక్కడి లింగం వేపదారువుదని, ధర్మరాజు ప్రతిష్ఠ అని భక్తుల నమ్మకం. ఏటా నెలల తరబడి నీళ్ళలో ఉన్నా చెక్క చెడలేదని చేతులు జోడిస్తారు. చెక్క కుళ్ళాలంటే తడి, గాలి రెండూ కావాలి. నిండా మునిగి ఉన్నంతకాలం చెక్కను తినే బూజులకు ఊపిరి అందదు. భక్తి తన మాట తాను చెబుతుంది. నేను చూస్తున్నది ఆ గుడి చుట్టూ ఉన్న మిగతా చెక్కనూ ఆకునూ బురదనూ.

నీళ్ళు వెనక్కి పోయినప్పుడు మైళ్ళ పొడవున బురద నేల బయటపడుతుంది. వారంలో పైపొర ఆరి నెర్రెలు విచ్చుతుంది. కొన్ని నెర్రెల్లో చేయి మోచేతి దాకా దిగుతుంది. ఆ పగుళ్ళలోంచి గాలి ఇన్నాళ్ళూ ఊపిరాడని లోతులకు చేరుతుంది. దాచిపెట్టిన కర్బనం ఒక్కసారిగా కుళ్ళడం మొదలవుతుంది. అంతకుముందే, నీటిమట్టం తగ్గుతున్నప్పుడే మరొకటి జరుగుతుంది. పైనున్న నీటి బరువే బురదలోని బుడగలను నొక్కి ఉంచిన గోళీ. నీరు తగ్గితే గోళీ వదులైనట్టు, బుడగలు తన్నుకొస్తాయి.

2021లో యూరప్ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో ప్రపంచంలోని 6,794 జలాశయాలను 1985 నుంచి 2015 దాకా పరిశీలించారు. సగటున వాటి వైశాల్యంలో 15 శాతం నీళ్ళు లేక బయటపడి ఉంది. ఆ బురద వదిలే వాయువును కూడా కలిపితే, జలాశయాలు పూడికలో దాచుకునే కర్బనానికి దాదాపు రెట్టింపు వదులుతున్నాయని తేలింది. అంతకుముందు జలాశయాలను కర్బనం దాచే కొట్లుగా లెక్కించినవాళ్ళు లెక్క తిరగరాయాల్సి వచ్చింది. శ్రీశైలం మొదట 308 టీఎంసీలు పట్టేది, 2009 సర్వే నాటికి 215కు తగ్గింది. ఆ 93 టీఎంసీల చోటును ఆక్రమించిన పూడికలో ఎగువ రాష్ట్రాల పొలాల మట్టీ ఆకూ ఉన్నాయి. జలవిద్యుత్తు బొగ్గు కరెంటుకంటే మేలని నేనూ అంటాను, కానీ దాన్ని పూర్తిగా స్వచ్ఛమైనదని రాసేటప్పుడు ఈ బురదనూ లెక్కలో చూపించాలి.

బాక్స్: బోర్లించిన బకెట్టు

కనబడని వాయువును ఎలా కొలుస్తారు? పనిముట్టు చూస్తే ఆశ్చర్యపోతారు. ప్లాస్టిక్ బకెట్టు లాంటి డబ్బాను తేలేలా చుట్టూ తెప్ప కట్టి, నీటి మీద బోర్లిస్తారు. నీళ్ళ నుంచి లేచిన వాయువు లోపల పోగవుతుంది. పైన ఉన్న సన్న గొట్టంలోంచి సిరంజితో కొంత గాలిని తీసి, కొంతసేపటికి మళ్ళీ తీసి, రెండింటిలో ఎంత తేడా ఉందో యంత్రంలో చూస్తారు. బురద మీదైతే డబ్బా అంచును మట్టిలోకి గుచ్చుతారు. ఇలాంటి డబ్బాలతోనే పన్నీర్ సెల్వం బృందం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కేరళల్లో చెరువులు, నదులు, జలాశయాల వంటి 45 జలవనరులను కొలిచి 2014లో ప్రచురించింది. దాని ఆధారంగా భారతదేశపు నేలపై నీళ్ళు ఏడాదికి 21 లక్షల టన్నుల మీథేన్, 2.2 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువు వదులుతున్నాయని అంచనా వేశారు. బరువులో మీథేన్ పదో వంతే. వేడి పుట్టించడంలో మాత్రం దానిదే పెద్ద వాటా.

చెరువు ఎండిన వేళ

ఇదంతా చదివి ఎవరైనా చెరువులు వద్దంటే నేను ఒప్పుకోను. కరువు సీమలో చెరువంటే తాగునీరు, బోర్లలో ఊట, పశువుల ప్రాణం. అడగాల్సింది చెరువు ఉండాలా వద్దా అని కాదు, అడుగున ఏం మిగులుతోంది అని. ఎండిన చెరువులో పూడిక తీసి ఒండ్రును పొలాలకు తోలుకునే అలవాటు మనకు ఉండనే ఉంది. ఆ మట్టి చెరువులో ఉంటే నీళ్ళ కింద మీథేన్ అవుతుంది. పొలంలో పడితే అందులో కర్బనం కొంత నెమ్మదిగా కుళ్ళి బొగ్గుపులుసు వాయువుగా పోతుంది, కొంత మట్టిని పట్టుకుని నిలుస్తుంది, ఎర్రనేలకు తేమ నిలుపుకునే గుణం ఇస్తుంది. బండి ఒండ్రు ఎరువుతో సమానమని రైతులు ఊరికే అనలేదు. లోతు పెరిగిన చెరువులో బుడగ తప్పించుకోవడం కూడా కష్టమవుతుంది. కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరిమడులూ గట్టు కట్టిన చిన్న చెరువులే. నీరు కట్టడం, ఆరనివ్వడం, మళ్ళీ కట్టడం అనే పద్ధతి పాటిస్తే మీథేన్ బాగా తగ్గుతుంది, నీళ్ళూ మిగులుతాయి.

ఇక మన నదుల ఊపిరి లెక్క మనమే తీయాలి. దానికి కోట్ల రూపాయల నౌక అక్కర్లేదు. కర్నూలులో, కడపలో, నంద్యాలలో డిగ్రీ కాలేజీల రసాయనశాస్త్ర విద్యార్థులు చేయగల పని. మార్చిలో సంగమేశ్వరం నెర్రెల మీద ఒక బకెట్టు, డిసెంబరులో పోరుమామిళ్ళ చెరువు నడుమ ఒకటి, హంద్రీ తుంగభద్రలో కలిసే చోట మురుగు నీటి మీద ఒకటి. పెన్నలో బోర్లించాల్సిన దానికి మాత్రం తేదీ ముందుగా చెప్పలేం. ఎగువన వాన పడిందని ఫోను రాగానే బకెట్టు, సిరంజి పట్టుకుని ఇసుకలో కూచోవాలి. నురగ, ఎండుటాకు, పుల్లలు ముందు తోసుకుంటూ కొత్తనీళ్ళు పాములా ఇసుక మీద పాకుతూ వస్తాయి. ఆ మొదటి గంటలోనే బకెట్టు బోర్లించాలి. రెండు రోజులు ఆలస్యమైతే నీళ్ళు ఉంటాయి గానీ, ఆ గాలి వెళ్ళిపోయి ఉంటుంది.